పాదానికి పని ఉన్న దారి, లేని దారి

ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్
21 అక్టోబరు 2024

పెదనాన్నకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. తమ్ముడు, మరదలు మీ ఇద్దరినీ అడిగినట్టు రాయమన్నారు. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో ఈసారి మరిచిపోకుండా చెప్పండి. ఊళ్లు, చర్చిలు, కాలవల్లో పడవలు, ఆ ముచ్చట్లన్నీ పెద్దమ్మకు వేరే ఉత్తరంలో రాస్తాను. ఇది మాత్రం మీకే. ముప్పై ఏళ్లు సూర్యాపేట డిపోలో స్టీరింగు తిప్పిన మనిషికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టని సంగతులు ఈ పది రోజుల్లో చాలా దొరికాయి.

మొదటి వింత విమానం దిగిన రోజే చూశాను. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి తమ్ముడి కారులో ఐండ్‌హోవెన్ వస్తున్నాం. ఏ2 అని పెద్ద రోడ్డు. యూట్రెక్ట్ దాకా ఒక్కో వైపు ఐదేసి వరుసలు. రోడ్డు నిండా కార్లే, కానీ ఎవరి తొందరా కనిపించదు. ముందు కారుకీ వెనక కారుకీ మధ్య సందు ఎంతుందో అంతే ఉంటుంది, దారానికి గుచ్చిన పూసల్లాగా. హారన్ మోత లేదు, డిప్పర్ కొట్టేవాళ్లు లేరు. అందరూ 100 మీదే పోతున్నారు. ఎందుకని అడిగితే తమ్ముడు పైన కమానుల మీది కెమెరాలు చూపించాడు. అవి ఒక్క చోట వేగం చూసి వదిలేసేవి కావు. ఈ కమాను కింద ఎప్పుడు దూరావు, ఎన్నో కిలోమీటర్ల అవతల ఆ కమాను కింద ఎప్పుడు తేలావు, మధ్యలో సగటు ఎంత అని లెక్క కడతాయి. కెమెరా దగ్గర బ్రేకు నొక్కి, దాటాక మళ్లీ తొక్కితే లాభం లేదు. పైగా 2020 మార్చి నుంచి ఈ దేశంలో పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా దాదాపు అన్ని పెద్ద రోడ్ల మీద 100 దాటకూడదు. ప్రమాదాల భయంతో పెట్టిన హద్దు కాదట అది. బండ్ల పొగలోని నత్రజని కాలుష్యం అడవుల్లో, బీడు నేలల్లో పేరుకుపోయి అక్కడి మొక్కల్ని చంపుతోందని, దాన్ని తగ్గించడానికి వేగం తగ్గించారు. మొక్కల కోసం మనుషులు నిదానంగా పోయే రోడ్డు మీద నేను ప్రయాణం చేయడం అదే మొదటిసారి.

అప్పుడు చూశాను తమ్ముడి కాళ్లు. రెండు పాదాలూ కింద చాపుకుని, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. యాక్సిలరేటర్ మీద కాలు లేదు. బండి మాత్రం 100 మీద పోతూనే ఉంది. మీరు ఘాట్ రోడ్డులో న్యూట్రల్ వేసిన డ్రైవర్ని తిట్టిన తిట్లు గుర్తొచ్చి నాకు చెమటలు పట్టాయి. వాడు స్టీరింగు మీద చిన్న మీట చూపించి, "క్రూజ్ పెట్టానక్కా" అన్నాడు.

స్టీరింగుకు ఎడమ పక్క రెండు బొత్తాలు ఉంటాయి పెదనాన్నా. ఒకటి క్రూజ్ కంట్రోల్, రెండోది స్పీడ్ లిమిటర్. బయటి వాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి, నాకూ మొదట అలాగే అనిపించింది. క్రూజ్‌లో 100 అని పెడితే ఇంజనే ఆ వేగాన్ని పట్టుకుని ఉంటుంది. ఎత్తు వస్తే తనే ఎక్కువ తాగుతుంది, చదును వస్తే తగ్గించుకుంటుంది. బ్రేకు మీద కాలు పడగానే వదిలేస్తుంది. లిమిటర్‌లో 50 అని పెడితే కాలు తన పని తను చేస్తూనే ఉండాలి. కాలు తీస్తే బండి నెమ్మదిస్తుంది. కానీ ఎంత తొక్కినా 50 దాటదు. నిజంగా అవసరం పడి పెడల్ని అడుగంటా తొక్కితే మాత్రం కట్టు తెంచుకుని పోతుంది. మరదలు ఊళ్లో ఎప్పుడూ లిమిటర్ పెట్టుకునే నడుపుతుంది. బడి వీధుల్లో 30 పెడుతుంది. "క్రూజ్ కిందికి జారనివ్వదు వదినా, ఇది పైకి ఎగరనివ్వదు. స్పీడోమీటర్ వంక చూడక్కర్లేదు, సైకిళ్ల వంక చూసుకోవచ్చు" అంది. ఇక్కడ సైకిళ్లు మన ఊరి సంతరోజు మనుషుల్లా ఎటు నుంచి వస్తాయో తెలియదు. ఆమె మాట ఎంత నిజమో తర్వాత నేనే నడిపినప్పుడు తెలిసింది.

మీరు "స్పీడ్ లాక్" అనేవారు, గుర్తుందా? బస్సుకి లాక్ వేసి సీలు కొట్టారని ఇంటికొచ్చి కోపంగా అన్నం తినకుండా పడుకున్న రోజు నాకు గుర్తుంది. అప్పుడు నాకు తెలియలేదు ఎందుకంత కోపమో. మొన్న శుక్రవారం జర్మనీలో తెలిసింది.

కారు అద్దెకు తీసుకుని ముగ్గురం స్ట్రాస్‌బర్గ్ బయల్దేరాం. వెన్లో దగ్గర సరిహద్దు దాటగానే ఏ61. దాటిన కాసేపటికి తెల్లటి గుండ్రటి పలక ఒకటి వచ్చింది, దాని మీద ఏటవాలుగా సన్నని నల్ల గీతలు ఐదు. హద్దులన్నీ ఇక్కడితో సరి అని దానర్థం. జర్మనీ పెద్ద రోడ్ల మీద చాలా చోట్ల కార్లకు ఇంతకు మించొద్దన్న చట్టం లేదు. 130 అయితే మంచిదని 1970ల నుంచి ఒక సలహా ఉంది, అంతే. పలక దాటిన మరుక్షణం ఎడమ వరుసలో ఒక నల్ల కారు మమ్మల్ని దాటిపోయింది. అద్దంలో చుక్కలా కనిపించింది, కన్ను ఆర్పేలోపు పక్కన ఉంది, ఆర్పాక ముందు లేదు. జర్మనీ పెద్ద కంపెనీలు కొన్ని చాలా కాలం కిందటే తమలో తాము ఒప్పుకుని, కారు ఎంత బలమైనదైనా 250 దగ్గర ఆగిపోయేలా తాళం వేసుకున్నాయట. స్వీడన్ వోల్వో వాళ్లయితే 2020 నుంచి 180కే కట్టేశారు.

అంత స్వేచ్ఛ ఉన్న రోడ్డు మీద క్రూజ్ పెట్టుకుని పోవచ్చనుకున్నాను. పోలేకపోయాం. కుడి వరుసలో లారీలు 90 మీద, ఎడమ వరుసలో కార్లు 160, 180 మీద. మధ్యలో 120 పెట్టుకున్న మేము ప్రతి రెండు నిమిషాలకూ ఏదో ఒక వరుసకు అడ్డం. పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. ఏ2 మీద దారంలో పూసలా ఉన్న ఆ బొత్తం ఇక్కడ పనికిరాలేదు. కారు వేరైనా బొత్తం అదే. తేడా అంతా పక్కవాళ్ల వేగంలో ఉంది. అందరికీ ఒకే వేగం ఉన్న రోడ్డు మీదే క్రూజ్‌కు బతుకు.

ఇక అసలు సంగతి. యూరప్ అంతటా మూడున్నర టన్నులు దాటిన లారీలన్నింటికీ 90 దగ్గర లాక్ ఉంటుంది, మీ బస్సుకు ఉన్నట్టే. జర్మనీలో చట్టం వాళ్లను 80 మీదే పొమ్మంటుంది కానీ డ్రైవర్లు లాక్ దాకా తొక్కి, క్రూజ్ పెట్టి కూర్చుంటారు. అన్ని లాకులూ ఒక్కలా ఉండవు కదా. ఒకటి 89 దగ్గర పట్టుకుంటే ఇంకొకటి 90 దగ్గర. ఈ తొంభై వాడు ఆ ఎనభై తొమ్మిది వాడిని దాటాలని ఎడమకు వస్తాడు. ఇక చూడండి. రెండు లారీలూ పక్కపక్కన, ఒకటి ఇంకొకదాన్ని జానెడు జానెడుగా దాటుతుంటే వెనక కార్లన్నీ తోకలా పేరుకుపోతాయి. జర్మన్లు దీనికి "ఏనుగుల పందెం" అని పేరు పెట్టారు. కొబ్లెంజ్ రాకముందు ఒక పందెం వెనక మేము చిక్కాం. నేను కాగితం తీసి లెక్క వేశాను. ఒక్కో లారీ పదహారున్నర మీటర్లు. ముందూ వెనకా యాభయ్యేసి మీటర్లు వదలాలని వాళ్ల నియమం. మొత్తం 133 మీటర్లు ఎక్కువ పోవాలి. గంటకు ఒక్క కిలోమీటరు తేడాతో ఆ 133 మీటర్లు దాటడానికి ఎనిమిది నిమిషాలు! ఆ ఎనిమిది నిమిషాల్లో రెండూ కలిసి 12 కిలోమీటర్లు పోతాయి. ఇది కోర్టు దాకా వెళ్లింది. హామ్ అనే ఊరి పెద్ద కోర్టు 2008లో, దాటడం 45 సెకన్లకు మించకూడదని, అందుకు గంటకు పది కిలోమీటర్ల తేడా ఉండాలని చెప్పింది.

అక్కడ రెండు వరుసలున్నాయి కాబట్టి వెనకవాళ్లకు విసుగు, అంతే. ఎదురుగా వచ్చేవాడు లేడు. నేను కాగితం తిప్పి మీ లెక్క వేశాను. పాత తొమ్మిదో నంబరు హైవే, నాలుగు వరుసలు కాకముందు, సింగిల్ రోడ్డు. మీ బస్సుకు లాక్ 80. ముందు లారీ 75. బస్సు పన్నెండు మీటర్లు, లారీ పది, మన అలవాటు ప్రకారం ముందు పదిహేను, వెనక పదిహేను. 52 మీటర్లు, గంటకు ఐదు కిలోమీటర్ల తేడా. 37 సెకన్లు. అంత సేపూ మీరు ఎదురు వరుసలో ఉంటారు. బస్సు 830 మీటర్లు పోతుంది. ఎదురుగా అదే వేగంతో ఇంకో బస్సు వస్తుంటే అదీ 830 మీటర్లు వస్తుంది. అంటే మైలుకు పైగా ఖాళీ కనిపిస్తేనే దాటాలి. లాక్ లేకపోతే 95కు లేపి పది సెకన్లలో లోపలికి వచ్చేసేవారు. ఆ రోజు మీరు అన్నం ఎందుకు తినలేదో నాకు కొబ్లెంజ్ దగ్గర అర్థమైంది పెదనాన్నా.

అయినా ఒక మాట. ఇక్కడి కారు లిమిటర్ పెడల్ అడుగంటా తొక్కితే విడిచిపెడుతుందని రాశాను కదా, ఆ ఒక్క సదుపాయమే మీ లాక్‌కు లేనిది. కారు లిమిటర్ నడిపేవాడు తనకు తాను పెట్టుకునే కట్టు. మీది డిపోవాళ్లు వేసి సీలు కొట్టిన తాళం. బస్సులో యాభై మంది ఉన్నప్పుడు తాళం ఉండాల్సిందే అని నేను ఇప్పటికీ అంటాను. మన దేశంలో 2015 నుంచి చట్టం కూడా అదే అంటోంది. కొత్త లారీలకూ బస్సులకూ 80, ట్యాంకర్లకూ టిప్పర్లకూ బడి బస్సులకూ 60. కానీ తాళం వేసినప్పుడు "ఇక దాటకు" అని కూడా నేర్పాలి. మీకు అది ఎవరూ నేర్పలేదు. తాళం వేసి, పాత టైమింగులే చేతిలో పెట్టారు. తప్పు అక్కడుంది.

కొబ్లెంజ్ దగ్గర మొజెల్ నది మీద వంతెన దాటాం. 136 మీటర్ల ఎత్తు. కింద ద్రాక్ష తోటలు దువ్వెన పళ్లలా కనిపించాయి. ఆ తర్వాత కొండల దారి. ఒక దిగుడులో క్రూజ్ 120కి పెట్టి ఉంచితే ముల్లు 127 చూపించింది. ఈ మామూలు క్రూజ్‌కు ఇంజన్ని పట్టుకోవడం వచ్చు, బ్రేకు వేయడం రాదు. ఖరీదైన కార్లలో ముందు బండిని రాడార్‌తో చూసి తనే బ్రేకు వేసే రకం ఉంటుంది. మాది చిన్న కారు.

ఇది కనిపెట్టిన మనిషి కథ తమ్ముడు చెప్పాడు. వినండి, మీకు నచ్చుతుంది. పేరు రాల్ఫ్ టీటర్. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊరు. 1890లో పుట్టాడు. ఐదేళ్లప్పుడు కత్తి తగిలి కన్ను పోయింది, ఆ వెంటే రెండో కంటి చూపూ పోయింది. చూపు లేకుండానే ఇంజనీరింగ్ చదివి, పిస్టన్ రింగులు చేసే కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. కళ్లు లేని మనిషి కారులో కూర్చుంటే ఏం తెలుస్తుంది? బండి ఊపు తెలుస్తుంది. ఆయన లాయరు మిత్రుడు కారు నడుపుతూ తను మాట్లాడేటప్పుడు నెమ్మదించేవాడట, ఈయన మాట వినేటప్పుడు తొక్కేవాడట. ఆ కుదుపు టీటర్ భరించలేకపోయాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలూ టైర్లూ పొదుపు చేయడానికి అమెరికా అంతా గంటకు 35 మైళ్ల హద్దు పెడితే, ఆ హద్దులో ఉంచే సాధనం కావాలన్న పట్టుదల ఇంకా పెరిగింది. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలో అమ్మారు.

ఆ మొదటి సాధనం రెండు పనులూ చేసేది. డ్రైవరు డయల్ తిప్పి వేగం పెట్టుకుంటే, ఆ వేగం రాగానే పెడల్ కాలిని వెనక్కి నెట్టేది, ఇక చాలు అన్నట్టు. కావాలంటే ఆ వేగాన్ని పట్టుకుని కూర్చునేది. అంటే లిమిటరూ క్రూజూ ఒక్క కడుపున పుట్టినవే. మనుషులు పట్టుకుని కూర్చునేదాన్ని ముద్దు చేసి ఇంటికి తెచ్చుకున్నారు, వెనక్కి నెట్టేదాన్ని దశాబ్దాల పాటు పక్కన పెట్టారు. కట్టు అంటే జనానికి మొదటి నుంచీ అయిష్టమే. 1923లోనే అమెరికాలో సిన్సినాటి నగరంలో 42 వేల మంది సంతకాలు పెట్టి, ప్రతి కారుకూ 25 మైళ్ల దగ్గర వేగాన్ని ఆపే గవర్నర్ బిగించాలని అడిగారు. కార్లు అమ్మేవాళ్లంతా ఏకమై ప్రచారం చేశారు. ఓటింగులో ఆ ప్రతిపాదన చిత్తుగా ఓడిపోయింది.

వందేళ్ల తర్వాత యూరప్ మళ్లీ ఆ గుమ్మంలోకి వచ్చింది. 2024 జులై నుంచి ఇక్కడ అమ్మే కొత్త కార్లన్నింటిలో రోడ్డు హద్దు తెలుసుకుని, మించితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. ముందు అద్దం పైన చిన్న కెమెరా ఉంటుంది, అది దారి పక్క పలకలు చదువుతుంది. దాన్ని ఆపుకోవచ్చు, కానీ బండి మళ్లీ స్టార్ట్ చేస్తే తనే మేలుకుంటుంది. మన దగ్గర 2019 జులై నుంచి కొత్త కార్లు 80 దాటితే కూసి, 120 దాటితే ఆగకుండా కూస్తాయి కదా. మన కారుకు ఊరూ తెలియదు, బైపాసూ తెలియదు, అన్ని చోట్లా 80 ఒక్కటే తెలుసు. కోదాడ బజారులో 70 మీద పోయినా దానికి చింత లేదు. ఇక్కడి కారుకు చదవడం వచ్చు. ఆ చదువులో తప్పులూ ఉన్నాయి. యూరప్‌లో కొన్ని లారీల వెనక తలుపు మీద గుండ్రంగా 80, 90 అని అంకెలు అంటించి ఉంటాయి, ఆ లారీ వేగ పరిమితి అని. మా అద్దె కారు ఒక లారీ వీపు మీది 80ని రోడ్డు పలకగా చదువుకుని, 120 మీద పోతున్న నా మీద కూత మొదలుపెట్టింది. ఆ లారీ దాటేదాకా ఊరుకోలేదు. నాకు విసుగొచ్చి ఆపేశాను. ఆ తర్వాత హోటల్ దగ్గరి ఊళ్లో 50 ఉన్న చోట 64 మీద పోయానని తమ్ముడు చెప్తే గానీ తెలియలేదు. తప్పు కూత వల్ల నిజం కూత కూడా పోయింది. వీళ్లు దిద్దుకోవాల్సింది ఇదే.

ఇంకొక సంగతి, ఇది రాయడానికి కొంచెం కష్టంగానే ఉంది, కానీ మీకు కాకపోతే ఎవరికి రాస్తాను.

నిన్న ఆదివారం తిరుగు ప్రయాణం. స్ట్రాస్‌బర్గ్ నుంచి ఏ4 మీద మెట్జ్ వైపు, ఫ్రాన్స్‌లో. ఆదివారం అక్కడ పెద్ద లారీలు దాదాపు తిరగవు. రోడ్డు బోసిగా, రెండు పక్కలా పండిన ఆకుల అడవి. అక్కడ 130 దాకా పోవచ్చు. నేనే నడుపుతున్నాను. క్రూజ్ పెట్టాను. నిజంగా హాయి. నడుము నొప్పి లేదు, మడమ నొప్పి లేదు, డీజిల్ పొదుపుకు డిపోలో మీకు గోడగడియారం ఇచ్చిన ఆ నిలకడ నాకు ఒక్క బొత్తంతో వచ్చింది. అరగంట గడిచింది. నాకు తెలియకుండానే కుడి కాలు సీటు కిందికి వెనక్కి పోయింది. చెప్పులోంచి సగం పాదం బయటికి వచ్చేసింది. సావెర్న్ కొండలు ఎక్కి దాటుతుండగా వాన పట్టింది. ఫ్రాన్స్‌లో వాన పడితే హద్దు 130 కాదు, 110. ఆ సంగతి చదివే వచ్చాను. అయినా చేయి కదల్లేదు, బండి పోతోంది కదా అన్న ధీమా. ఒక పల్లంలో నీళ్లు నిలిచి ఉన్నాయి. స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోయింది, చేతిలో పళ్లెం పట్టుకున్నట్టు. టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర. ఇంజన్ మాత్రం తనకు అప్పజెప్పిన 130 నిలబెట్టడానికి చూస్తూనే ఉంది. నా కాలు పెడల్ కోసం వెతికితే చెప్పు అడ్డం పడింది. "క్యాన్సిల్ నొక్కు, బ్రేకు వద్దు" అని తమ్ముడు అరిచాడు. బొటనవేలితో నొక్కాను. బండి తనంతట తాను బరువు దిగి రోడ్డును పట్టుకుంది. మహా అయితే రెండు సెకన్లు. ఆ వేగంలో సెకనుకు 36 మీటర్లు. డెబ్బై మీటర్లు నేను ఆ బండికి డ్రైవర్ని కాను.

కారు చేసిన తప్పేమీ లేదు. వాన పడుతుంటే క్రూజ్ తీసేయమని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. తప్పు నాది.

తర్వాతి పెట్రోలు బంకులో ఆగి, చెప్పులు తీసేసి బూట్లు వేసుకుని, లిమిటర్ 110కి పెట్టి బయల్దేరాను. మెట్జ్, లక్సెంబర్గ్, బెల్జియం కొండలు, లియేజ్, ఐండ్‌హోవెన్ దాకా లిమిటర్ మీదే. కాలు పెడల్ మీదే ఉంది. ఎత్తు వస్తే తొక్కాను, వాన పెరిగితే తీశాను. చూపు స్పీడోమీటర్ మీద లేదు, రోడ్డు మీద ఉంది. 130 మీద వంద కిలోమీటర్లకు 46 నిమిషాలు, 110 మీద యాభై నాలుగున్నర నిమిషాలు. వంద కిలోమీటర్లకు ఎనిమిది నిమిషాలే ఎక్కువ.

మన దగ్గర కార్ల ప్రకటనల్లో క్రూజ్ కంట్రోల్‌కే పెద్ద అక్షరాలు, లిమిటర్ మాట ఎక్కడో కింద, చాలా కార్లలో అసలు ఉండదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లలో క్రూజ్‌కు చోటుంది, కాదనను. కానీ సూర్యాపేట నుంచి కోదాడ మధ్య ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టరుకూ, డివైడర్ దూకే గొర్రెలకూ పాదం పెడల్ మీదే ఉండాలి. దీపావళికి వచ్చాక చిన్నాన్నతో కొత్త కారు గురించి మాట్లాడతాను. షోరూముకు వెళ్తే మొదట లిమిటర్ ఉందా అని అడగమనండి.

మీరు కూడా ఒక జవాబు రాయాలి. లాక్ ఉన్న బస్సుతో ఆ సింగిల్ రోడ్డు మీద లారీని దాటేటప్పుడు ఎదుటి బండి ఎంత దూరంలో ఉంటే "సరే" అనుకునేవారు? కంటితో ఎలా కొలిచేవారు? లైట్లు రెండూ విడివిడిగా కనిపించేదాకానా, ఒక్కటిగా ఉన్నప్పుడేనా? నా కాగితం మీద మైలు అని తేలింది. మీ కంటికి ఎంతని తోచేదో తెలుసుకోవాలని ఉంది.

పెద్దమ్మకు నమస్కారాలు చెప్పండి.

మీ అమ్మాయి